భద్రాచలం టీకా లెక్క: పోల్చడానికి ఎవరూ లేని పద్నాలుగు వేల మంది

ఏటా శ్రీరామనవమి కల్యాణానికో, గోదావరి ప్రమాద హెచ్చరికలకో వార్తల్లోకి వచ్చే భద్రాచలం, 2010 వేసవిలో ఒక టీకా మూలంగా దేశమంతటా పత్రికలకెక్కింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించేందుకు వాడే హెచ్‌పీవీ టీకాను అంతకుముందు సంవత్సరం ఖమ్మం జిల్లాలోని మూడు మండలాల బాలికలకు వేశారు. ఆ బాలికల్లో కొందరు మరణించారు. మహిళా సంఘాలు ప్రశ్నించాయి, ప్రభుత్వం కార్యక్రమాన్ని ఆపివేసింది, పార్లమెంటరీ సంఘం విచారించింది, వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

"ఆ పిల్లలు టీకా వల్లనే చనిపోయారా డాక్టరుగారూ?" అని నన్ను నేటికీ అడిగేవారున్నారు. మనవరాలికి టీకా వేయించాలా వద్దా అన్న సందేహం ఆ ప్రశ్న వెనుక ఉంటుంది. మరణాల వివరాలు చదివితే టీకాతో సంబంధం ఉన్నట్టు కనిపించదని నేను చెబుతాను. అక్కడితో ఆగితే సగం నిజమే చెప్పినట్టు. ఆ అధ్యయనాన్ని రూపొందించిన తీరే ఇటువంటి ప్రశ్నకు గట్టి జవాబు ఇవ్వగలిగేది కాదు. మిగిలిన సగం ఇది. దీన్ని వివరించాలంటే అడవి అంచు నుంచి కొంచెం దూరం ప్రయాణించి, మనస్తత్వ శాస్త్రజ్ఞుల వద్దకు వెళ్లక తప్పదు.

ప్రయోగాన్ని ఎలా అమర్చాలి అన్న విషయం మీద వైద్యులకన్నా ముందుగా తలలు బద్దలుకొట్టుకున్నవారు వారే. అందుకు కారణం ఉంది. రాయిని ఎన్నిసార్లు తూచినా రాయి మారదు. మనిషి మారతాడు. మొదటిసారి అడిగిన ప్రశ్నను రెండోసారికి నేర్చుకుంటాడు, మూడోసారికి విసిగిపోతాడు, పరీక్షించేవారు ఏమి ఆశిస్తున్నారో పసిగట్టి దానికి తగ్గట్టు నడుచుకుంటాడు. 1884 ప్రాంతంలో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో చార్లెస్ పియర్స్, జోసెఫ్ జాస్ట్రో అనే ఇద్దరు, బరువుల మధ్య ఎంత సూక్ష్మమైన తేడాను మనిషి గుర్తించగలడో పరీక్షించారు. పరీక్షకు కూర్చున్నవారూ వారే. ఏ బరువు ముందు పెట్టాలో, ఏది తరువాత పెట్టాలో తమ ఇష్టానికి వదిలితే మనసు మోసం చేస్తుందని గ్రహించి, పేకముక్కలు కలిపి, వచ్చిన ముక్కను బట్టి వరుసను నిర్ణయించారు. ప్రయోగంలో యాదృచ్ఛికతను కావాలని ప్రవేశపెట్టిన తొలి ఉదాహరణల్లో ఇది ఒకటి. వ్యవసాయ క్షేత్రాల్లో ఇదే సూత్రాన్ని రొనాల్డ్ ఫిషర్ సిద్ధాంతంగా మలచినది 1920, 30 దశకాల్లో. క్షయవ్యాధికి స్ట్రెప్టోమైసిన్ పరీక్షతో అది వైద్యంలో స్థిరపడినది 1948లో. పేకాటకు మన ఇళ్లలో మంచి పేరు లేదు గాని, విజ్ఞానశాస్త్రానికి అది చేసిన మేలు తక్కువేమీ కాదు.

పియర్స్, జాస్ట్రోలు అనుసరించినది ఒకే మనిషిని పలుమార్లు పరీక్షించే పద్ధతి. దీనిలో పెద్ద సౌకర్యం ఒకటుంది. మనిషికీ మనిషికీ ఉండే తేడాలు, అంటే వయసు, తిండి, పుట్టుక, చదువు, ఇవేవీ లెక్కను చెడగొట్టవు. ఎవరికి వారే పోలిక. టీ తాగితే జ్ఞాపకశక్తి పెరుగుతుందా అని చూడాలంటే, ఒకే విద్యార్థికి ఒకరోజు టీ ఇచ్చి, మరొకరోజు ఇవ్వకుండా పదాల పట్టిక అప్పగించమనవచ్చు. అయితే మొదటిరోజు నేర్చినది రెండోరోజుకు తోడవుతుంది కనుక, సగం మందికి టీ ముందు, సగం మందికి తరువాత ఇవ్వాలి. రెండో పద్ధతిలో విద్యార్థులను చీటీలు వేసి రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకే టీ ఇస్తారు. ఇక్కడ వరుస బెడద లేదు, కాని ఎక్కువ మంది కావాలి, జట్లు సమానంగా ఉండాలి. టీ మత్తు సాయంత్రానికి దిగిపోతుంది కనుక మొదటి పద్ధతి కుదిరింది. టీకా అటువంటిది కాదు. ఒకసారి వేసిన దాన్ని మరునాడు వెనక్కి తీసుకుని, 'వేయని మనిషి'ని అదే దేహంలో చూడలేము.

1963లో డొనాల్డ్ క్యాంప్‌బెల్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, జూలియన్ స్టాన్లీతో కలిసి, విద్యాపరిశోధకుల కోసం ఒక సుదీర్ఘ వ్యాసం రాశాడు. పరిశోధన నమూనాలను పదహారుగా వర్గీకరించి, ఒక్కొక్కటి ఏ పొరపాటుకు లొంగిపోతుందో పట్టిక వేసి చూపిన వ్యాసమది. తరువాత పుస్తకంగా వచ్చి సామాజిక శాస్త్రాలన్నిటికీ నిఘంటువు వంటిదయింది. ఆ పట్టికలో అట్టడుగున ఉన్న నమూనా ఏమిటంటే: ఒకే జట్టు, దానికి ఒక చికిత్స, ఆ తరువాత ఒక పరిశీలన. ముందు కొలత లేదు, పక్కన పోలిక లేదు. శాస్త్రీయంగా దీనికి దాదాపు విలువే లేదని ఆ ఇద్దరూ నిర్మొహమాటంగా తేల్చారు.

ఇది ఎంత సహజమైన పొరపాటో మన పల్లెల్లో కామెర్ల పసరు చూస్తే తెలుస్తుంది. పిల్లవాడికి కళ్లు పచ్చబడతాయి, పసరు పోయిస్తారు, మూడు వారాల్లో తగ్గుతుంది. పసరు పోయకపోయినా చాలామందికి హెపటైటిస్-ఎ అదే మూడు వారాల్లో తగ్గుతుందని చూపడానికి పసరు తాగని పిల్లవాడు పక్కన ఉండడు. పసరు వైద్యుణ్ణి మాత్రమే అనడం న్యాయం కాదు. వృత్తిలో ఉన్న రోజుల్లో నేను రాసిన బలం మందుల్లో ఎన్నిటికి ఇంతకన్నా మెరుగైన ఆధారం ఉండేదో లెక్కవేసుకుంటే సిగ్గుగానే ఉంటుంది.

ఇక ఖమ్మం సంగతి. 2009 జూలైలో మొదలైన ఆ కార్యక్రమాన్ని నడిపినది పాత్ అనే అమెరికా స్వచ్ఛంద సంస్థ. భారత వైద్య పరిశోధన మండలి, నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం భాగస్వాములు. బిల్ అండ్ మెలిండా గేట్స్ ఫౌండేషన్ నిధులిచ్చింది. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల వయసున్న సుమారు 14,000 మంది బాలికలకు గార్డాసిల్ టీకా వేశారు. గుజరాత్‌లోని వడోదర జిల్లాలో మరో పదివేల పైచిలుకు మందికి సర్వారిక్స్ వేశారు. రెండు టీకాలకూ దేశంలో అప్పటికే అనుమతి లభించింది. అందుచేత టీకా పనిచేస్తుందా అన్నది ఇక్కడ ప్రశ్న కాదని నిర్వాహకుల వాదన. బడుల ద్వారా, ఊళ్ల ద్వారా ఇంత మంది ఆడపిల్లలకు మూడు మోతాదులూ అందించడం సాధ్యమా, ఎంత ఖర్చవుతుంది, తల్లిదండ్రులు ఒప్పుకుంటారా అన్నవే వారు తెలుసుకోదలచినవి. కార్యక్రమానికి వారు పెట్టిన పేరు కూడా 'ప్రదర్శనా ప్రాజెక్టు'.

గనుల పట్టణం, వ్యవసాయ గ్రామాలు, కోయగూడేలు ఉన్న ఏజెన్సీ: ఈ మూడూ వేరువేరు లోకాలు. టీకాను జనం వద్దకు చేర్చడంలో తేడాలు తెలుసుకోవడానికి ఇవి సరిపోతాయి. కాని మూడింటిలోనూ టీకా వేశారు. వేయని నాలుగో మండలం లెక్కలో లేదు. ఏదైనా అనుకోనిది జరిగితే "ఇది మామూలుగా జరిగేదేనా, అంతకు మించినదా?" అని అడగడానికి ఎవరినీ పక్కన నిలబెట్టుకోలేదు. క్యాంప్‌బెల్ పట్టికలో అట్టడుగు గడి ఇదే.

అనుకోనిది జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో ఐదుగురు, గుజరాత్‌లో ఇద్దరు, మొత్తం ఏడుగురు బాలికలు మరణించారు. 2010 మార్చిలో 'సమ' అనే మహిళా ఆరోగ్య సంస్థ ప్రతినిధులు భద్రాచలం వచ్చి బాలికలతో, తల్లిదండ్రులతో మాట్లాడారు. ఏప్రిల్ మొదటి వారంలో కేంద్రం కార్యక్రమాన్ని నిలిపివేసి విచారణ సంఘాన్ని నియమించింది. ఒకరు క్వారీ గుంటలో మునిగి, ఒకరు పాము కాటుతో, ఇద్దరు పురుగుమందు తాగి, ఒకరు మలేరియా ముదిరి చనిపోయినట్టు తేలింది. మిగిలిన ఇద్దరి విషయంలో కారణం అంత స్పష్టంగా లేదు. 2011లో వచ్చిన నివేదిక, ఈ మరణాలకు టీకాతో సంబంధం ఉండకపోవచ్చని చెబుతూనే, నిర్వహణలో లోపాలను ఎత్తిచూపింది.

పాముకాటు, మునిగిపోవడం టీకా వల్ల జరగవు. అది లోకజ్ఞానం. కాని పురుగుమందు తాగిన ఇద్దరి విషయం? టీకా మనసు మీద ప్రభావం చూపి ఉండవచ్చని అనుమానించినవారు ఆనాడు లేకపోలేదు. నాకా అనుమానం బలమైనదిగా తోచదు. అయితే నాకు తోచకపోవడం రుజువు కాదు. ఒక ఊహా లెక్క చూడండి. ఒక ప్రాంతంలో ఆ వయసు బాలికల్లో ఏటా రెండు వేల మందికి ఒకరు ఏదో ఒక కారణంతో మరణిస్తారనుకుందాం. పద్నాలుగు వేల మందిని ఏడాదిపాటు గమనిస్తే, టీకా ఉన్నా లేకపోయినా ఏడు మరణాలు కనిపిస్తాయి. ఐదు మాత్రమే కనిపిస్తే తక్కువే అనాలి. పదివేల మందికి ఒకరే మరణించే ప్రాంతమైతే ఆ ఐదే ఎక్కువ. అంకె అదే, అర్థం తారుమారు. ఏజెన్సీ గూడేల్లో ఆ వయసు ఆడపిల్లల మరణాలను ఇంటింటికీ తిరిగి అంతకుముందే లెక్కించి పెట్టుకుని ఉంటే అర్థం చెప్పడం ఒక పూట పని.

చావుల సంగతి అలా ఉంచి, బతికి ఉన్న పిల్లలు చెప్పుకున్న బాధలను తీసుకుందాం: కడుపునొప్పి, తలనొప్పి, కళ్లు తిరగడం, నీరసం, నెలసరి తేడాలు. వసతిగృహాల్లో ఉండే ఆ వయసు ఆడపిల్లల్లో ఇవి టీకా లేకుండానే సర్వసాధారణం. రక్తహీనత ఒక కారణం, ఇల్లు విడిచి ఉండటం మరొకటి. సూది పడిందన్న భయం కూడా నిజమైన తలనొప్పినే తెస్తుంది, మనస్తత్వ శాస్త్రజ్ఞులకు ఇది బాగా తెలుసు. 2014లో కొలంబియా దేశంలోని ఎల్ కార్మెన్ దె బొలీవర్ పట్టణంలో ఇదే టీకా తరువాత వందలాది బాలికలు స్పృహతప్పి పడిపోయారు. అది సామూహిక మానసిక ప్రతిస్పందన అని అధికారులు తేల్చితే తల్లిదండ్రులు అంగీకరించలేదు. అంగీకరించమని చెప్పడానికి వారి చేతిలో పెట్టగల లెక్క ఏది?

ఇక్కడ మాత్రం ఒకే మనిషిని పలుమార్లు చూసే పద్ధతి పనికివస్తుంది. టీకా వేయడానికి నెల ముందు నుంచే ప్రతి బాలిక చేతా ఒక చిన్న పుస్తకంలో తలనొప్పి, జ్వరం, నెలసరి రోజులు రాయించి ఉంటే, సూదికి ముందు నెలనూ తరువాతి నెలనూ పోల్చవచ్చు. 1995లో ప్యాడీ ఫారింగ్టన్ అనే సాంఖ్యక శాస్త్రజ్ఞుడు టీకాల భద్రత కోసమే ఈ ఆలోచనను గణితంగా తీర్చిదిద్దాడు. జబ్బుపడిన పిల్లవాడి జీవితంలోనే టీకా తరువాతి కొద్ది వారాలను మిగతా కాలంతో పోల్చే పద్ధతి అది. కానీ మరణం దగ్గర ఈ పద్ధతి యథాతథంగా పనిచేయదు. చనిపోయినవారికి 'మిగతా కాలం' ఉండదు. అక్కడ పక్కన మరో జట్టు కావలసిందే.

సరే, మరి టీకా వేయని జట్టును పెట్టడం న్యాయమా? ఈ ప్రశ్న తేలికది కాదు. మనకు పొరుగునే, మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లాలో, 1,31,746 మంది స్త్రీలను 52 గ్రామ సమూహాలుగా చీటీల పద్ధతిలో విడదీసి, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షల అధ్యయనం జరిపారు. 2009లో ఫలితాలు వచ్చాయి. హెచ్‌పీవీ పరీక్ష చేసిన జట్టులో 34 మంది ఆ క్యాన్సర్‌తో చనిపోగా, పరీక్ష చేయని జట్టులో 64 మంది చనిపోయారు. ఒక్క పరీక్షతో మరణాలు సగానికి తగ్గుతాయని ప్రపంచానికి తెలిసింది. ఆ తెలివిడి వెల ఎవరు చెల్లించారో కూడా ఆ రెండో అంకెలోనే ఉంది. పోలిక జట్టు లేకుంటే జవాబు రాదు, ఉంటే కొందరు ఆ జవాబు కోసం వేచి ఉండాలి. ఉస్మానాబాద్ మీద విమర్శలు చేసినవారిని నేను తప్పుపట్టను.

వేచి ఉండటాన్ని న్యాయంగా పంచే మార్గం ఒకటుంది. ఆఫ్రికాలోని గాంబియాలో 1986 నుంచి నాలుగేళ్లపాటు శిశువులకు హెపటైటిస్-బి టీకాను దేశంలో ఒక్కసారిగా కాక, ప్రాంతాల వారీగా, వరుసను చీటీలతో నిర్ణయించి ప్రవేశపెట్టారు. చివరికి అందరికీ అందింది. ముందు అందినవారికీ ఇంకా అందనివారికీ మధ్య ఉన్న కాలమే పోలిక అయింది. పద్నాలుగు వేల మందికి ఒకే రోజున సూది వేయడం ఎలాగూ కుదరదు. ఏ గూడెం ముందు, ఏ గూడెం ఆరు నెలల తరువాత అన్నది జీపు ఎక్కడికి వెళ్లగలదో చూసి కాక చీటీ తీసి నిర్ణయించి ఉంటే, అదనపు ఖర్చు పెద్దగా లేకుండానే ఖమ్మంలో పోలిక జట్టు ఏర్పడేది. ఆ ఐదు మరణాల గురించి నేటికీ నన్ను అడిగేవారికి ఒక అంకె చూపగలిగేవాణ్ణి.

పేరు గురించి కూడా పెద్ద పోరాటమే నడిచింది. ఇది క్లినికల్ ట్రయల్ కాదు, అనుమతి పొందిన టీకాపై పరిశీలన మాత్రమేనని పాత్ వాదించింది. 2013 ఆగస్టు 30న వచ్చిన పార్లమెంటరీ స్థాయీ సంఘం 72వ నివేదిక, ఇది ముమ్మాటికీ క్లినికల్ ట్రయలేనని తీవ్రంగా తప్పుపట్టింది. ట్రయల్ అయితే సమ్మతి, బీమా, దుష్ఫలితాల నమోదు అన్నిటికీ చట్టప్రకారం కట్టుబడాలి, అందుకే ఆ ఒక్క మాటకోసం అంత తగవు. నా మటుకు నాకు, పరిశోధకుడే సూది వేయించి దాన్ని 'పరిశీలన' అనడం సరికాదనిపిస్తుంది. అలాగని పోలిక జట్టు లేని దాన్ని 'ట్రయల్' అంటే ఆ మాటకు ఉన్న గౌరవం దానికి అప్పనంగా దక్కుతుంది.

సమ్మతి పత్రాల సంగతి మరీ బాధాకరం. ఆ నివేదిక ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలున్నాయి, 2,763 మీద వసతిగృహ వార్డెన్లు సంతకాలు చేశారు. ఆశ్రమ పాఠశాలలో చదివే కోయ బాలిక తండ్రి ఎక్కడో వాగు అవతల ఉంటాడు. పిలిపించడం కష్టమే. ఆ కష్టం పడటం ఇష్టంలేకనే వార్డెన్ సంతకం. తెలిసి ఒప్పుకున్న తండ్రి, మరణం తరువాత కూడా ఒక ప్రశ్న అడిగి జవాబు వింటాడు. తెలియకుండా జరిగిన తండ్రి ఏ జవాబునూ నమ్మడు, నమ్మనక్కరలేదు కూడా.

ఖమ్మంలో ఆగిన చేయి మరొక చోట విచిత్రమైన ఫలితాన్నిచ్చింది. సరిగ్గా అదే కాలంలో, 2009 సెప్టెంబరు నుంచి, అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మన దేశంలో హైదరాబాద్‌తో సహా తొమ్మిది కేంద్రాల్లో మరో అధ్యయనం నడుపుతోంది. ఇది పద్ధతిగా రూపొందించిన ప్రయోగం. 10 నుంచి 18 ఏళ్ల అవివాహిత బాలికలు 20,000 మందిని ఊళ్ల సమూహాలుగా యాదృచ్ఛికంగా రెండుగా విడదీసి, ఒక జట్టుకు రెండు, మరొక జట్టుకు మూడు మోతాదుల గార్డాసిల్ ఇచ్చి పోల్చాలని ఉద్దేశం. 2010 ఏప్రిల్‌లో ఖమ్మం కార్యక్రమంతోపాటు దీనిలోనూ సూదులు ఆగిపోయాయి. అప్పటికి టీకా పడినవారు 17,729 మంది. వారిలో 4,348 మందికి మూడు మోతాదులు, 4,979 మందికి అనుకున్న ప్రకారం ఆరు నెలల ఎడంతో రెండు పూర్తయ్యాయి. 3,452 మంది రెండు నెలల ఎడంతో రెండు తీసుకుని ఆగిపోయారు. 4,950 మందికి ఒక్కటే పడింది.

శాస్త్రజ్ఞుల కోణంలో ఇది పాడైపోయిన ప్రయోగం. చీటీలతో వచ్చిన సమత్వం పోయింది, యాదృచ్ఛిక ప్రయోగం కాస్తా పరిశీలనగా దిగజారింది. వారు దాన్ని పారవేయలేదు. ఒక్క మోతాదుతో ఆగినవారు భయపడి మానినవారు కాదు, జబ్బుపడి మానినవారు కాదు. వారి ఇష్టాయిష్టాలతో నిమిత్తం లేకుండా ఢిల్లీ నుంచి వచ్చిన ఉత్తర్వు వారిని ఆపింది. అంటే ఆ ఉత్తర్వే దాదాపు చీటీ వేసినట్టు పనిచేసింది. టీకా వేయించుకోని స్త్రీలను తరువాత పోలికకు చేర్చి ఏళ్ల తరబడి గమనించారు. 2021లో ప్రకటించిన ఫలితాల్లో, 16, 18 రకాల వైరస్ శరీరంలో తిష్ఠవేయకుండా ఒక్క మోతాదు ఇచ్చిన రక్షణ 95.4 శాతం, రెండు మోతాదులు 93.1, మూడు 93.3. మూడు సూదుల పని ఒక్కటే చేస్తోంది!

ఇటువంటి వార్త విన్నప్పుడు క్యాంప్‌బెల్ వంటివారు వెంటనే ఎగిరి గంతులు వేయరు. పోలికకు తెచ్చిన స్త్రీలు తరువాత చేరినవారు, వారికీ వీరికీ కనిపించని తేడాలు ఉండవచ్చు. అందుకే కెన్యాలో 15 నుంచి 20 ఏళ్ల 2,275 మంది యువతులను చీటీల పద్ధతిలో విడదీసి మళ్లీ పరీక్షించారు. పోలిక జట్టుకు ఖాళీ సూది వేయలేదు. మెదడు పొరల వాపు కలిగించే మెనింగోకోకస్ నుంచి కాపాడే టీకా వేశారు. వేచి ఉన్నవారికీ ఏదో మేలు దక్కింది. పద్దెనిమిది నెలల వద్ద ఒక్క మోతాదు రక్షణ 97.5 శాతమని 2022లో వెల్లడైంది. అదే ఏడాది డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ, 9 నుంచి 20 ఏళ్లవారికి ఒక్క మోతాదు కూడా చాలునని అంగీకరించింది.

ఒక్క మోతాదు చాలునంటే ఖర్చులో, జీపు ప్రయాణాల్లో, వార్డెన్ల వెంట తిరగడంలో మూడింట రెండు వంతులు తగ్గినట్టే. దుమ్ముగూడెం, చర్ల వంటి మండలాల్లో పనిచేసే ఆరోగ్య కార్యకర్తలకు దీని విలువ వేరే చెప్పనక్కరలేదు.

2009లో టీకా పడిన ఆ బాలికలు ఇప్పుడు ముప్పయ్యో పడికి అటూఇటూగా ఉన్న స్త్రీలు. మండలం ఇప్పుడు ఖమ్మం జిల్లాలో లేదు, 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెంలో ఉంది. వారిలో ఎవరైనా, వారి బంధువులెవరైనా ఇది చదువుతుంటే ఒక మాట. ఎన్ని మోతాదులు పడ్డాయో గుర్తు లేకపోయినా కంగారు అక్కరలేదు. అయితే ఈ టీకా అన్ని రకాల వైరస్‌లనూ అడ్డుకోదు. టీకా పడినవారూ పడనివారూ ముప్పయ్యేళ్లు దాటాక గర్భాశయ ముఖద్వార పరీక్ష చేయించుకోవాలి. పలుచని వెనిగార్ వంటి ద్రావణం పూసి కంటితో చూసే పరీక్ష కొద్ది నిమిషాల పని, నొప్పి ఉండదు. మీ ఊరి ఏఎన్ఎమ్‌ను అడిగితే ఎక్కడ చేస్తారో చెబుతుంది. పరీక్షకు ముందు ఏదైనా కాగితం మీద సంతకం పెట్టమంటే, అందులో ఏముందో చదివించుకుని పెట్టండి.